గురిగిలోని చిక్కుడు విత్తనం

మా అత్త చేతికి ఎముక లేదని వాడకట్టంతా చెప్పుకునేవాళ్లు. అబద్ధం కాదు. అడిగినవాళ్లకు మజ్జిగ పోసేది, తోడుకు పెరుగు ఇచ్చేది, పెళ్లికి పోతున్నామంటే పెట్టె తెరిచి తన పట్టుచీర కూడా ఇచ్చేది. చిక్కుడుకాయలు కాసే రోజుల్లో ఎవరొచ్చినా కొంగునిండా పోసి పంపేది. చిక్కుడు విత్తనం మాత్రం దేవుడు దిగొచ్చి అడిగినా ఇచ్చేది కాదు. అలాంటి మనిషి దాచుకున్న విత్తనాన్ని, ఒక్క గింజ మిగల్చకుండా, ఉడకబెట్టి తాలింపు వేసిన కోడలిని నేను. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, ఆ రోజు నా మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

నేను బాన్సువాడకు కాపురానికి వచ్చింది పంతొమ్మిది వందల ముప్పైల చివర్లో. నిజాంసాగర్ కాలువ పారడం మొదలై అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. ఊరి చుట్టూ ఎటు చూసినా వరి, లేకపోతే చెరకు. మాది పిట్లం దిక్కు మెట్టపొలాల ఊరు. జొన్నచేలు, కందిచేలు చూసి పెరిగినదాన్ని, ఇంత పచ్చదనం ఒక్కచోట చూసి మొదటి నెల రోజులు నోరు తెరుచుకునే తిరిగాను. మామకు బజారులో కిరాణం దుకాణం. ఆయనా, నా పెనిమిటీ పొద్దున పోతే దీపాలవేళకు వచ్చేవాళ్లు. పగలంతా ఇంట్లో అత్తా నేనూ. ఇంటి వెనక పెరడు, పెరట్లో బావి, బావి పక్కన చిక్కుడు పందిరి. ఆ పందిరి మా అత్త రాజ్యం.

మొదటి ఏడు ఆ రాజ్యంలో నేను కూలిదాన్ని. మిరుగం కార్తెలో తొలివాన పడగానే నాచేత మూరెడు లోతున నాలుగు గుంతలు తవ్వించింది. వాటిలో మాగిన పేడ ఎరువు, పొయ్యి బూడిద, పైన చేత్తో నలిపిన మెత్తటి మట్టి. వారం రోజులు వాటిని అలా వదిలేసి, ఆ తర్వాత కొంగుముడి విప్పి విత్తనం తీసింది. గుంతకు మూడు గింజలు, గింజ మీది తెల్లగీత పక్కకు ఉండేట్టు.

"గీత కిందికి పెడితే ఏమైతది అత్తమ్మా?" అన్నాను.

"ఏం గాదు, మొలుస్తది. గని నా మనసుకు పట్టది," అంది.

తీగ మోకాలెత్తు వచ్చాక పందిరి వేశాం. తుమ్మ గుంజలు నాలుగు పాతి, వెదురు బొంగులు అడ్డం కట్టి, మీద కందికట్టె పరిచాం. మొక్క పక్కన జనుము తాడు వేలాడదీస్తే పొద్దుటికల్లా తీగ దాన్ని పట్టుకుని ఉండేది. నిద్ర లేవగానే నా మొదటి పరుగు అక్కడికే. ఒకనాడు, మాట వింటుందేమో చూద్దామని, తీగను మెల్లగా విప్పి రెండోవైపు తిప్పి తాడుకు చుట్టాను. మర్నాటికి అది నా చుట్టు విప్పుకుని, తన దారిన తాను ఎప్పటిలాగే చుట్టుకుంది. అత్త చూసి, "నీ అసొంటిదే. ఎవ్వలి మాట ఇనది," అంది. నాకు ముక్కుమీద కోపమని అప్పటికే ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

శ్రావణం, భాద్రపదం గడిచాయి. పందిరి కనపడకుండా ఆకు కమ్మేసింది గానీ ఒక్క పువ్వు లేదు. బియ్యం కడిగిన నీళ్లు, స్నానాల బండ దగ్గరి నీళ్లు అన్నీ మోసి పోసేది నేను. అంత చాకిరీ చేయించుకుని పూయకపోతే నాకు ఒళ్లు మండిపోయింది. పీకి పారేద్దాం అన్నాను. "సలిగాలి తాకాలె పిల్లా. గప్పటిదాంక నువ్వు తలకిందులైనా అది పుయ్యది," అంది అత్త. అలాగే దసరా వెళ్లి నాలుగు రోజులు చల్లటి గాలి వీచిందో లేదో, ఆకుల్లోంచి ఊదారంగు పూలు కంకులు కంకులుగా పైకి లేచాయి. ఆ పూట నేను చేసిన గోలకు, గోడ అవతల బీడీలు చుట్టుకునే అక్క ఏం జరిగిందోనని పీట వేసుకుని తొంగి చూసింది.

పూతతో పాటే నల్లపేను వచ్చింది. ఇద్దరం మంచు ఆరకముందే లేచి, జల్లించిన బూడిద గుడ్డలో మూటగట్టి, పేను పట్టిన రెమ్మల మీద తట్టేవాళ్లం. మంచు తడికి బూడిద అంటుకుని పేను రాలిపోయేది. మా తలలు, కనుబొమ్మలు కూడా తెల్లబడేవి. మామ పళ్లు తోముకుంటూ వచ్చి, "ఇండ్ల నా పెండ్లామెవ్వలు, కోడలెవ్వలు?" అని అడిగేవాడు. అత్త బూడిద చేత్తో ఆయన చెంప మీద ఒకటి వేసేది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు మామగారిని అలా కొట్టడం చూసి నేను బిత్తరపోయాను. తర్వాత్తర్వాత ఆ దెబ్బ కోసం ఆయనే రోజూ వచ్చి నిలబడేవాడని అర్థమైంది.

ఇక కాయల సంగతి ఏం చెప్పను! వెడల్పాటి కాయ, అంచుకు గోరింటాకు పెట్టినట్టు సన్నటి ఎరుపు. కాయ తెంపేటప్పుడు కంకి కాడకు గోరు తగలనిచ్చేది కాదు అత్త. కాడ ఉంటే దానికే మళ్లీ పూత వస్తుంది. తెంపిన కాయల్ని ఈనెలు తీసి, ఉల్లిగడ్డతో మగ్గబెట్టి, దించే ముందు వేయించి దంచిన నువ్వుల పొడి చల్లేది. వేడి జొన్నరొట్టెలో ఆ కూర పెట్టుకుని పందిరి కిందనే కూర్చుని తినేవాళ్లం. ఆ చలికాలం నాకు అమ్మగారిల్లు ఒక్కనాడు గుర్తుకు రాలేదంటే మా అమ్మ బాధపడుతుంది గానీ, నిజం అదే.

అన్ని కాయలు పంచిపెట్టేది కదా, అందులో ఒక మెలిక ఉంది. పంచేవన్నీ లేతకాయలే. గింజ గట్టిపడిన కాయ గడప దాటేది కాదు. పందిరికి అడుగున మొదటి కంకులకు ఎర్ర గుడ్డపీలిక కట్టి పెట్టేది, అవి విత్తనానికి. తీగ గోడ దాటి బీడీలక్క వైపు పాకితే, పలకరించే వంకతో వాళ్ల పెరట్లోకి పోయి ఎండుకాయలన్నీ ఏరి తెచ్చుకునేది. "విత్తనం చేతికిస్తే ఇచ్చినోళ్ల పందిరి ఎండుతది," అనేది. ఈ మాట వాడకట్టులో అందరూ నమ్మేవాళ్లే, కాబట్టి ఎవరూ అడిగేవాళ్లు కూడా కాదు.

ఆ విత్తనం ఆమె పుట్టింటిది. మరాఠీ మాట్లాడే ఊళ్ల అంచున ఎక్కడో ఉండేదట ఆ ఊరు. వాళ్ల అమ్మ పోయింది, తర్వాత అన్నలూ పోయారు, ఇల్లు పడిపోయి ఆ జాగాలో ఎవరో పశువుల కొట్టం వేసుకున్నారు. అటు పోవడానికి ఆమెకు ఇక మనుషులు లేరు. ఏటా చలికాలం మొదటి కూర విస్తట్లో వేసుకుని, తినబోయే ముందు ఒక్క క్షణం ఆగి, "గిది మా అమ్మ చేతి రుచి," అనేది. ఏడుస్తూ కాదు, గర్వంగా అనేది.

మాఘంలో నేను అమ్మగారింటికి పోయాను. తిరిగి వచ్చేసరికి తీగ ఎండి, పీకేసి, కాల్చేసి అయిపోయింది. విత్తనం ఎలా దాచిందో నేను చూడలేదు. నా కొంప ముంచింది ఇదే. మా అమ్మగారింట్లో విత్తనం అంటే ఎండుకాయల్ని గుత్తులుగా కట్టి, పొయ్యి పైన దూలానికి వేలాడదీసేవాళ్లు. పొగకు పురుగు చేరదు. గింజలు ఒలిచి, బూడిద పట్టించి, కుండలో పోసి మూతికి గుడ్డ కట్టారంటే అవి వండుకునే గింజలు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నాకు తెలిసిన పద్ధతి అది. మా అత్త వాళ్ల పద్ధతి సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుందని నాకెలా తెలుస్తుంది?

వైశాఖంలో అత్త చుట్టాలింట్లో పెళ్లికని ఆరు రోజులు ఊరికి పోయింది. ఆమె లేని రెండో రోజే మా ఆడబిడ్డా, ఆమె పెనిమిటీ వర్ని పక్క ఊరి నుంచి బండి కట్టుకుని వచ్చారు. మర్నాటి వారపు అంగడి చూసుకుని ఆ పైరోజు పోతామన్నారు. మామ నన్ను పిలిచి, "బిడ్డా, అల్లుడొచ్చిండు. రేపు పొద్దుగూకేటాల్లకు గింత గుడాలు చేస్తవా?" అన్నాడు. గుడాలంటే ఆయనకు ప్రాణం. ఏ గింజలైనా సరే, ఉడకబెట్టి తాలింపు వేసి పెడితే చాలు. నేను వంటింట్లో వెతికితే విసురురాయి వెనక చిన్న మట్టిముంత, గురిగి ఒకటి దొరికింది. మూతికి గుడ్డ కట్టి ఉంది. విప్పితే లోపల బూడిదలో మూడు దోసిళ్ల చిక్కుడు గింజలు. అత్త ఎంత ముందుచూపు మనిషి అనుకుని మురిసిపోయాను.

రాత్రి నానబెట్టి, మర్నాడు రెండుసార్లు నీళ్లు వంపి ఉడికించి, ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ, కరివేపాకు వేసి తాలింపు పెట్టాను. ఇల్లంతా ఘుమఘుమ. నా గొప్పలు నేనే చెప్పుకోకూడదు గానీ, అంత బాగా నేను మళ్లీ ఎప్పుడూ చేయలేదు. మామ రెండో గిన్నె పెట్టించుకున్నాడు. ఆడబిడ్డ నాలుగు గింజలు నమిలి, "గివి అచ్చం మా ఇంట్ల…" అని ఏదో అనబోయి, పొలమారి దగ్గింది. మిరపకాయ తగిలిందేమోనని నీళ్లిచ్చాను.

"గింత మంచి అనపగింజలు ఏడ దొరికినయ్ బిడ్డా?" అన్నాడు మామ.

"విసురురాయి ఎనుక గురిగిల ఉండె మామా."

ఆయన నములుతున్న దవడ ఆగిపోయింది. "గురిగిలయా? బూడిదల ఉండెనా?"

"ఆఁ."

"అన్ని ఏసినవా?"

"అన్ని ఏసిన."

మామ గిన్నెలోకి చూశాడు, నావైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు. అది విత్తనమని అప్పుడు చెప్పాడు. ఉడికిన గింజల్లో ఒక్కటైనా పచ్చిగా మిగిలిందేమోనని గిన్నెలన్నీ కలబెట్టాను. ఒక్కటి లేదు, అంత చక్కగా ఉడికించాను. మామ కాసేపు తల పట్టుకుని కూర్చుని, "ఇగ పోయింది పోయింది. ఉన్నయన్న ఇటెయ్యి, పారేస్తమా?" అని మూడో గిన్నె పట్టాడు. ఆయన్ని చూసి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అత్త వచ్చేలోగా ఏదో ఒకటి చేద్దామని మామా నేనూ ఒక్కటయ్యాం. ఆయన అంగడిలో దొరికిన చిక్కుడు విత్తనం తెచ్చాడు. తెల్లటి గింజ. కాలువ కింద పొలాలు కొనుక్కుని వర్ని దగ్గర దిగిన కోస్తా రైతుల దగ్గర అడిగి ఇంకో రకం తెచ్చాడు. అది ఎర్ర గింజ, బొద్దుగా ఉంది. మా అత్త గింజ నలుపు కలిసిన గోధుమ రంగు, మీద తెల్లటి గీత. మామ ఆ రెండు రకాల్ని ముందేసుకుని, "జర బూడిద ఎక్కువ రాస్తే?" అన్నాడు. నాకు కోపం వచ్చి రెండూ తీసి అవతల పెట్టాను. నాకు కోపం ఎంత తొందరో భయం కూడా అంతే తొందర. అత్త ఊరి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగానే చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తిడితే నేనూ నాలుగు మాటలని, ఏడ్చి, తేలికపడేదాన్నే. "అన్నియా?" అని ఒక్కసారి అడిగింది. తానే చేయమన్నానని మామ ముందుకొచ్చాడు. "నువ్వెన్ని గిన్నెలు తిన్నవ్?" అంది. "మూడు," అన్నాడాయన. అప్పుడు అరుగు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, "మా అమ్మది అదొక్కటే ఉండె నాకాడ," అంది. ఆ మాట నన్నుద్దేశించి కూడా అనలేదు. నేను ఆ పూట అన్నం తినలేదు, ఆమె కూడా తినలేదు. ఇద్దరం తినకపోవడంతో, మూడు గిన్నెల మామ కూడా పస్తు పడుకున్నాడు.

మిరుగం వచ్చింది. వాన పడింది. అత్త గుంతలు తవ్వించలేదు. తుమ్మ గుంజలు గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి. నాతో మాట్లాడేది, నవ్వేది, అన్నీ మామూలే. పెరటివైపు మాత్రం చూసేది కాదు. మాట్లాడకుండా ఉన్నా ఇంత బాధ ఉండేది కాదు నాకు.

వారానికి బీడీలక్క గోడ మీంచి తల పెట్టి, "ఏందే, ఈయేడు గుంతలు తవ్వలే?" అంది. జరిగిందంతా చెప్పాను, చెబుతూ ఏడ్చాను కూడా. ఎప్పుడూ గలగల మాట్లాడే అక్క, తేలు కుట్టిన దొంగలా గోడ దిగిపోయింది. కాసేపటికి పెరటి తలుపు దగ్గరికి వచ్చి, నన్ను సైగ చేసి పిలిచి, బీడీదారంతో కట్టిన తునికాకు పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది. విప్పితే నలుపు కలిసిన గోధుమ రంగు గింజలు. మీద తెల్లటి గీత.

"గివి ఏడివి అక్కా?"

"గట్టిగ ఒర్లకు. గోడ మీంచి మా దిక్కొచ్చిన కాయలు రెండు ఆకుల సందున దాచిన, ఐదేండ్ల కింద. మా కొట్టం ఎనుక ఒక తీగ పెట్టుకుంట. మీ అత్తకు చెప్పకు, నన్ను బతకనియ్యది."

నేను ఆమెను అక్కడే కావిలించుకున్నాను. ఆమె విడిపించుకుని, "నేనొక్కదాన్నే అనుకుంటున్నవా దొంగను? మూలింటి ఆజీని అడుగు. మీ ఆడబిడ్డను అడుగు," అని గుట్టంతా రట్టు చేసేసింది.

మూలింటి ఆజీ మరాఠీ ముసలమ్మ. అరవై దాటినా ఆమె తెలుగులో సగం మరాఠీ. నేను పోయి అడిగితే మొదట చెవి వినపడనట్టు నటించింది. తర్వాత లేచి, దేవుడి గూట్లోంచి చిన్న మూట తీసింది. "అగ పోరీ, నేను దొంగను గాదు. గాలికి పడ్డయి, ఏరుకున్న," అంది. మా పెరట్లోంచి వాళ్లింటికి నాలుగిళ్లు దాటి గాలి ఎలా మోసుకుపోయిందో నేను అడగలేదు. మూటలో గింజలు పసుపు రాసి ఉన్నాయి. అంత భక్తిగా దాచుకుంది మహాతల్లి.

ఆడబిడ్డ కథ ఇంకా బాగుంది. మామ వడ్ల బేరానికి అటు పోతుంటే కబురు పంపాను. తిరిగి వచ్చేటప్పుడు ఆయన జేబులో ఏదో గలగలమంటోంది. తీస్తే పిల్లలాడే గిలక్కాయ, ఎండిన సొరబుర్రది. ఆడబిడ్డ మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి, పోయేటప్పుడు అందులో ఇసుక తీసి చిక్కుడు గింజలు పోసి, బిడ్డ చేతికిచ్చిందట. బండి కదిలేదాకా మా అత్తే ఆ గిలక్కాయ ఊపి మనవణ్ని ఆడించిందట. అప్పుడు తీసుకుపోయిన గింజలు మొలిచి కాశాయి గనుక, మళ్లీ పుట్టింటికి విత్తనం అదే గిలక్కాయలో పోసి పంపింది. "తొవ్వంత మోగుకుంట వచ్చింది, బండ్ల అందరు నన్నే చూసుడు," అని మామ మురిసిపోతూ చెప్పాడు.

చాటలో మూడు కుప్పలు పోశాను. గిలక్కాయ పగలగొట్టడానికి మనసొప్పక, మూత తీసి గింజలు మాత్రం దులిపి, దాన్నీ తునికాకునూ చాటలోనే ఒక పక్కన పెట్టాను. చాట తీసుకుపోయి అత్త ముందు పెట్టాను. దొరికిన సంతోషం ఒక పక్క, ఎవరెవరి పేర్లు బయటపడి ఎంత గొడవవుతుందోనన్న భయం ఒక పక్క.

అత్త చాట చూసింది. ముందు ముట్టుకోలేదు. తర్వాత ఒక గింజ తీసి, వెలుతురుకు పెట్టి, వేలితో రుద్ది, గోరుతో నొక్కింది. ఇంకోటి తీసింది. ఆజీ కుప్పలోంచి రెండు గింజలు, "గివి ఏరే రకంతోని కలిసినయ్," అని ఏరి పారేసింది. మిగతావి అన్నీ అలాగే ఉంచింది. పసుపు చూసింది. తునికాకు చూసింది. గిలక్కాయ చూసింది. చేతిలోకి తీసుకుని ఊపబోయి ఆగింది.

"ఓసి దొంగముండల్లారా!" అంది. ఆ అరుపు గోడ అవతలికే కాదు, మూలింటి దాకా వినిపించి ఉంటుంది. అవతల బీడీల చాట కిందపడిన చప్పుడైంది. అత్త మాత్రం నవ్వుతోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వుతోంది. నవ్వి నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుని, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"మా అమ్మ నాకు ఇయ్యలే," అంది మెల్లగా. "ఆడివిల్ల ఎంట విత్తనం పంపితే ఇంటి పందిరి ఎండుతదని. పన్నెండేండ్లదాన్ని, అత్తోరింటికి పోతున్న, ఎంత ఏడ్సినా ఇయ్యలే. ఏడు గింజలు కొప్పుల పెట్టుకుని వచ్చిన. బండ్ల రెండ్రోజుల తొవ్వ. నెత్తి నూనెకు ఏడ మొలకలొస్తయో అని భయం."

"మరి మీ అమ్మ పందిరి ఎండిందా అత్తమ్మా?"

"ఎందుకెండుతది? ఎనుకటేడు కంటె ఎక్కువ కాసింది."

"మరి మీరెందుకు ఎవ్వలికి ఇయ్యరు?" అనకుండా ఉండలేకపోయాను. నా నోరు అంతే.

అత్త నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "ఇస్తె ఎండుతది. దొంగతనం చేస్తె ఎండది. ఇయ్యి రెండు ఒక్కటెట్లయితయే?" అంది. లేచి పలుగు తెచ్చి నా చేతికిచ్చింది. ఆ సాయంత్రం నాలుగు గుంతలు తవ్వాను. కార్తె దాటి ఆలస్యమైందని వారం ఆగలేదు. గింజలు నాచేతే పెట్టించింది, మూడు కుప్పల్లోంచి ఒక్కోటి, గుంతకు మూడు. తెల్లగీత పక్కకు ఉందో లేదో వంగి వంగి చూసింది.

ఆ ఏడు పందిరి కాసిన కాపు నేను మళ్లీ చూడలేదు. గుంజ ఒకటి బరువుకు ఒరిగితే మామ ఊతకర్ర పెట్టాడు. అడుగు కంకులకే కాదు, పందిరి నాలుగు వైపులా గుడ్డపీలికలు కట్టింది అత్త. ఇన్ని ఎందుకని అడిగితే చెప్పలేదు. మాఘం వచ్చేసరికి ఎండుకాయలు ఒలిస్తే చాటనిండా విత్తనం. గురిగికి కావలసింది తీసి పక్కన పెట్టి, మిగతాది చాటతో సహా వీధి అరుగు మీదికి తెచ్చి కూర్చుంది. బీడీలక్కను, ఆజీని, ఆ పక్కిళ్ల వాళ్లను, అందరినీ కేక వేసింది. "రండ్రి, విత్తనం ఇస్తున్న. పట్టుకపోండ్రి."

అందరూ వచ్చారు. ఎవరూ చెయ్యి చాపలేదు.

"వద్దక్కా," అంది బీడీలక్క. "నీ చేతుల కెళ్లి తీస్కుంటే నీ పందిరి ఎండుతది. గా పాపం మాకొద్దు." ఆజీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. అత్త బతిమాలింది, కసిరింది. మీరు తీసుకోకపోతే బావిలో పోస్తానంది. వాళ్లు ఒక్కరూ కదల్లేదు. ఇన్నేళ్లు ఆమె కళ్లుగప్పి ఎత్తుకుపోయినవాళ్లే, ఆమె ఇస్తానంటే ఆమె మంచికే వద్దంటున్నారు. అత్త అందరి మొహాలు చూసి, చాట అరుగు అంచుకు జరిపి, తాను గోడవైపు తిరిగి కూర్చుని కొంగు తల మీదికి లాక్కుంది.

అప్పుడు కదిలారు. ఒక్కొక్కరు అడుగు చప్పుడు కాకుండా వచ్చి, గుప్పెడు తీసుకుని, రవికెలోనో కొంగులోనో దాచుకుని జారుకున్నారు. ఆజీ అయితే రెండుసార్లు వచ్చింది. గోడవైపు తిరిగిన అత్త భుజాలు ఆగకుండా ఊగుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. అందరూ వెళ్లిపోయాక చాటలో అడుగున ఒక్క గుప్పెడు మిగిలింది. చాట తీద్దామని వంగాను.

"మీ అమ్మోళ్లు గిసొంటి చిక్కుడు పెడ్తరా?" అంది గోడకేసి చూస్తూనే.

"లేదు అత్తమ్మా."

ఆమె ఇటు తిరగలేదు. ఆ గుప్పెడు గింజలూ తీసి కొంగున ముడి వేసుకున్నాను.

"తీస్కున్నవా?" అంది.

"తీస్కోలే," అన్నాను.

"మంచిది," అని, అప్పుడు నావైపు తిరిగింది.